మా గుమ్మం మెట్టు, టెన్నెంట్ గారి లెక్క

ఆంబ్రోస్ టెన్నెంట్ గారి జీవిత చరిత్ర అచ్చయింది. రెండు సంపుటాలు. ఒక్కోటీ మా చాపెల్‌లో పెద్ద బైబిలంత లావుంది. లండన్‌లో ఉండే పెద్దమనిషి ఎవరో రాశాడట. ఆయన మా లోయలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. పెట్టి ఉంటే నాకు తెలియకపోదు, ఎందుకంటే మా థోర్న్‌బెక్ వీధిలో కొత్త మనిషి తుమ్మినా నాకు తెలుస్తుంది. మొదటి సంపుటం నూట నలభయ్యో పేజీలో మా ఇంటి ప్రస్తావన వచ్చింది. "ఆ కాలమున ఇంజనీరుగారు గ్రామములోని ఒక సామాన్య గృహమున బస చేసిరి" అని ఒకే ఒక్క వాక్యం.

సామాన్య గృహమట! నాలుగేళ్ళ మూడు నెలలు నా చేతి వంట తిన్నాడు ఆ మహానుభావుడు. ఆ పుస్తకంలో ఆయన కట్టిన వంతెనలున్నాయి, తవ్విన సొరంగాలున్నాయి, మెడలో వేసుకున్న పతకాలున్నాయి. ఉడికిన కోడిగుడ్డు పెంకు తీయడం ఆయనకు చేతకాదన్న సంగతి మాత్రం లేదు. రోజూ పొద్దున నేనే తీసి పెట్టేదాన్ని. ఇంకో సంగతి కూడా అందులో లేదు. అది లేకుండా పోవడానికి కారణం ఆయన మర్యాద. ఇప్పుడాయన లేడు కనుక, హెప్సిబా ఓల్డ్‌రాయిడ్ అనే నేను, బతికుండగానే చెప్పేస్తున్నాను.

ఆయన పద్దెనిమిది వందల యాభై ఆరు మార్చి నెలలో మా ఇంటికి వచ్చాడు. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళు. పైగది ఖాళీగా ఉంటే అద్దెకిచ్చాను. పొడుగాటి మనిషి, మోకాళ్ళ దాకా బురద, జేబుల నిండా పురికొసలు, పెన్సిళ్ళు, సగం కొరికిన జున్నుముక్క. దిగిన సాయంత్రమే మా మేడమెట్లు కొలిచాడు. టీ కెటిల్ కొలిచాడు. భోజనం దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసి బల్ల మీద నుంచి చూసి, "మిసెస్ ఓల్డ్‌రాయిడ్, మీ బల్ల కిటికీ వైపు పావంగుళం వాలి ఉందండీ" అన్నాడు.

"తెలుసయ్యా. అందుకే గ్రేవీ గిన్నె ఆ వైపు పెట్టను" అన్నాను.

ఆయన గ్రేవీ గిన్నె వైపు, తర్వాత నా వైపు చూశాడు. అప్పటి నుంచి నా మీద గౌరవం మొదలైందని నా నమ్మకం.

ఆయన వచ్చిన పని మా లోయ మీద రైలు దాటించడం. లోయ అడుగంతా చిత్తడి నేల. రాతి స్తంభాలు కడితే ఆ బరువుకే కుంగిపోతాయి. ఈయన సన్నటి ఇనప కాళ్ళు నిలబెట్టి, వాటి మీద ఇనప అల్లిక వేసి, దాని మీద రైలు నడుపుతానన్నాడు. మా వైపు గాలి సంగతి తెలిసిన వాళ్ళెవరూ నమ్మలేదు. రైలు కంపెనీ డైరెక్టర్లలో సగం మందీ నమ్మలేదు. మా పక్కింటి కెజయా గ్రీన్‌వుడ్ అయితే ఆయన ఎదురుపడినప్పుడల్లా, "ఏం సార్, మీ అల్లికసూదుల మీద రైలెప్పుడెక్కిస్తారు?" అని అడిగేది. ఆయన టోపీ తీసి, "మీరు మేజోళ్ళు అల్లడం అయ్యేలోగా" అనేవాడు.

ఇక మెట్టు సంగతి. మా వీధిలో ఆడవాళ్ళ పరువు గుమ్మం ముందు రాతిమెట్టు మీద ఉంటుంది. శుక్రవారం పొద్దున అందరం మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు కడిగి, పాతగుడ్డలవాడు ఇచ్చే మెత్తరాయితో తెల్లగా రుద్దుతాం. ఆ తెలుపు చూసి ఇల్లాలి గుణం చెప్పేస్తారు మావాళ్ళు. నా మెట్టు గురించి నేను చెప్పుకోకూడదు గానీ, మా పాస్టరుగారు దాన్ని తొక్కలేక దాటి లోపలికి వచ్చేవారు.

టెన్నెంట్ గారు వచ్చిన రెండో రోజున నేను బయటికొచ్చేసరికి ఆయన మనిషి ఓబదయా ఉలితో నా మెట్టు మూల మీద చెక్కుతున్నాడు! ఓబదయా అంటే కొలతల కర్ర పట్టుకునే ముసలాయన. ఆయన కర్ర నిలబెడితే టెన్నెంట్ గారు దూరంగా గొట్టంలోంచి చూసి అంకెలు రాసుకునేవాడు.

"ఏంటయ్యా ఆ పని? నీ కొంప అనుకున్నావా?" అని అరిచాను.

ఓబదయా ఉలి వెనక్కి దాచుకున్నాడు. టెన్నెంట్ గారు ముందుకొచ్చాడు.

"ఇది ఎత్తుల గుర్తండీ. దక్షిణం గట్టు మీది కాళ్ళన్నిటికీ ఎత్తు మీ మెట్టు నుంచే కొలుస్తాం. అవతల గట్టుకి చర్చి గోపురం మొదట్లో ఇంకో గుర్తు పెట్టాను."

"కొండ నిండా రాళ్ళే కదా. నా మెట్టే దొరికిందా?"

"కొండ మీది రాయి వానకి దొర్లొచ్చు. ఇంటి మెట్టు కదలదు. ఇది నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉందని మీరే అన్నారుగా?"

అన్న మాట నిజమే. ఎక్కడ దొరికిపోయానా అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయాను. నన్ను అడక్కుండా చెక్కాడన్న కోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ వసంతంలో తొమ్మిది రోజుల పాటు ఆయన తన గొట్టం, ఓబదయా కర్ర వేసుకుని, మా మెట్టు దగ్గర బయల్దేరి లోయలోకి దిగి, అటు ఎక్కి, చర్చి గోపురం దాకా అడుగడుగునా కొలిచాడు. రెండు గుర్తుల మధ్య ఎత్తు తేడా వెంట్రుకవాసి కూడా పొల్లుపోకుండా తేల్చాడు. "ఆ తొమ్మిది రోజుల అంకెల మీదే వంతెనంతా నిలబడుతుంది" అని గుడ్డు తింటూ చెప్పేవాడు. "పద్దెనిమిది వందల ముప్ఫై తొమ్మిది తర్వాత నేను లెక్క తప్పలేదండీ" అని కూడా అనేవాడు. ముప్ఫై తొమ్మిదిలో ఏమైందని అడిగితే టీ అడిగేవాడు.

శుక్రవారం రుద్దానంటే ఆ గుర్తు తెల్లపూత కింద కనబడకుండా పోయేది. ఒకసారి ఓబదయా చాకుతో పూత గీకి గుర్తు వెతకబోయాడు. బ్రష్షుతో ఒక్కటిచ్చాను, చెవి మీద. ఆ తర్వాత ఎప్పుడూ గీకలేదు. కర్రని అలవాటు కొద్దీ ఆ మూల మీద మెల్లగా ఆనించి, ఒక కాలు మెట్టు మీద అంటీ అంటకుండా పెట్టి నిలబడేవాడు. టెన్నెంట్ గారు వీధి అవతలి నుంచి ఇదంతా చూసేవాడు. పార్లమెంటు కమిటీ ముందు గొంతెత్తి మాట్లాడే మనిషే గానీ, నా బ్రష్షు గురించి ఒక్క మాటా అన్న పాపాన పోలేదు.

నాలుగో ఏడు వచ్చేసరికి నాకు వేరే బెంగ పట్టుకుంది. మెట్టు అరిగి మధ్యలో గుంట పడింది. మా అత్తగారి కాళ్ళు, మా ఆయన చెక్కబూట్లు, చివరికి టెన్నెంట్ గారి బురదబూట్లు, అన్నీ కలిసి అరగదీశాయి. వానొస్తే నీళ్ళు నిలిచేవి. ఒక శుక్రవారం కెజయా వీధంతా వినేలా అంది: "హెప్సిబా, నీ మెట్టు గుంటలో బాతులు పెంచుకోవచ్చే!"

మెట్టు అరిగితే మా దగ్గర కొత్తది కొనరు. తాపీమేస్త్రి దాన్ని పెకలించి తిరగేసి పెడతాడు. అడుగు వైపు కొత్తదానిలాగే ఉంటుంది. కానీ తిరగేసిన మెట్టంటే తిరగేసి కుట్టిన పాత కోటు లాంటిదే. చూసినవాళ్ళు పైకేం అనరు, లోపల అంతా అనుకుంటారు. పైగా, కెజయా వాళ్ళమ్మ తన మెట్టు తిరగేయించినప్పుడు ఊరంతా వినబడేలా నవ్విన మనిషిని నేను. కాబట్టి తిరగేయించక తప్పదు, తిరగేసినట్టు తెలియనూ కూడదు.

ఆ జూన్‌లో అదను దొరికింది. టెన్నెంట్ గారు డైరెక్టర్లకి జవాబు చెప్పుకోడానికి మూడు వారాలు లండన్ వెళ్ళాడు. ఓబదయా కూతురింటికి పోయాడు. సోమవారం పండగకి చాపెల్ వాళ్ళంతా బళ్ళు కట్టుకుని కొండ మీదికి వనభోజనాలకి వెళ్ళారు. నేను పంటి నొప్పని ఉండిపోయాను. చెంపకి ఉన్నిగుడ్డ కట్టుకుని కిటికీలోంచి చెయ్యూపాను కూడా. బళ్ళు మలుపు తిరగ్గానే మా పిన్ని కొడుకు తాపీమేస్త్రి గునపం పట్టుకుని దొడ్డిదారిన వచ్చాడు. రెండు గంటల్లో మెట్టు తిరగేసి, కింద రాతిముక్కలు, సున్నం దట్టించి కూర్చోబెట్టాడు. నేను తెల్లగా రుద్దేశాను. ఓబదయా చెక్కిన గుర్తు అడుక్కి పోయిందని నాకు తెలుసు. తెలిసి సంతోషించాను, అబద్ధమెందుకు? ఎత్తు మారుతుందన్న ఆలోచన మాత్రం నా బుర్రకి తట్టలేదు.

సాయంత్రం కెజయా దిగుతూనే నిలబడిపోయింది.

"గుంట ఏమైందే?"

"రుద్దీ రుద్దీ చదును చేశాను" అన్నాను.

"పంటి నొప్పితోనా?"

"నొప్పి మర్చిపోడానికే."

పిచ్చిది నమ్మింది. నెల రోజులు తన మెట్టు కూడా చదునవుతుందేమోనని రుద్దుకుంది. పైకి జాలి పడ్డాను గానీ లోపల ఎంత సుఖంగా ఉండేదో!

టెన్నెంట్ గారు తిరిగొచ్చాకే మొదలైన ఇనప కాళ్ళన్నీ సెప్టెంబరుకి లేచాయి. రెండు గట్ల నుంచీ పైన అల్లిక వేసుకుంటూ మధ్యకి వచ్చారు. చివరి ముక్క కూర్చోబెట్టబోతే కూర్చోలేదు. దక్షిణం వైపు మూడంగుళాలు ఎత్తుగా ఉంది.

టెన్నెంట్ గారు నాలుగు రోజులు నిద్రాహారాలు మాని మళ్ళీ కొలిచాడు. గోపురం గుర్తు నుంచి ఉత్తరం కాళ్ళు సరిగ్గా ఉన్నాయి. మా మెట్టు నుంచి దక్షిణం కాళ్ళూ సరిగ్గానే ఉన్నాయి. అలాంటప్పుడు తప్పెక్కడుంటుంది? ఆయన సొంత చేత్తో రాసుకున్న ఆ తొమ్మిది రోజుల అంకెల్లోనే.

శుక్రవారం పొద్దున నేను గుడ్డు పట్టుకెళ్ళేసరికి ఆయన ఉత్తరం రాస్తున్నాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోతుకి పోయాయి. గుడ్డు వైపు చూడలేదు.

"ఎవరికండీ ఉత్తరం?" అన్నాను.

"డైరెక్టర్లకి. వంతెన విప్పేయమని రాస్తున్నాను. నన్ను పని నుంచి తప్పించమని కూడా."

"మూడంగుళాలకేనా?"

"మూడంగుళాలు పెద్ద పని కాదు. ఉత్తరం వైపు ఇనప పలకలు పెట్టి ఎత్తితే సరిపోతుంది. కానీ నేనెక్కడ తప్పానో నాకు తెలియడం లేదు మిసెస్ ఓల్డ్‌రాయిడ్. ఒక చోట తప్పినవాడు ఇంకెన్ని చోట్ల తప్పాడో? ఆ ఇనుముకి ఎంత బరువు ఆగుతుందన్నదీ నా లెక్కే, గాలికి ఎంత ఊగుతుందన్నదీ నా లెక్కే. మీ అక్క పిల్లల్ని ఆ రైలెక్కిస్తారా మీరు?"

ఇరవయ్యేళ్ళ పేరు ఆ కాగితంతో పోతుంది. ఆ పైన ఇంకెవరూ ఆయన చేత కోళ్ళగూడు కూడా కట్టించరు. ఉత్తరాల బండి పన్నెండింటికి వస్తుంది. పాపం అనుకున్నాను, గుడ్డు పెంకు తీసి పెట్టాను, బకెట్టు తీసుకుని బయటికి వచ్చాను. శుక్రవారం కదా.

వీధి ఆడవాళ్ళంతా ఎవరి మెట్టు ముందు వాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు. ఓబదయా కర్ర భుజాన వేసుకుని సామాను సర్దడానికి వచ్చాడు. లోపలికి వెళ్ళబోతూ మెట్టెక్కి, మోకాలు పట్టుకుని మూలిగాడు.

"ముసలితనం వచ్చేసిందమ్మా. ఈ మెట్టు వేసవి నుంచీ ఎక్కలేకపోతున్నాను. ఇదివరకింత ఎత్తనిపించేది కాదు."

చేతిలో బ్రష్షు జారి బకెట్టులో పడింది.

మెట్టు వైపు చూశాను. అంతకుముందు గుమ్మం చెక్క కింద నా నాలుగు వేళ్ళు పట్టేవి. ఇప్పుడు ఒక వేలు పెట్టి చూస్తే అదే బిగుసుకుంటోంది. కొంప మునిగింది అనుకున్నాను. చెయ్యి అలాగే ఉంచుకుని కూర్చున్నాను. చెప్తే కెజయా వింటుంది. వీధి వింటుంది. పంటి నొప్పి, ఉన్నిగుడ్డ, రుద్దీ రుద్దీ చదును చేయడం, అన్నీ బయటపడతాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నిజం చెప్తున్నాను, చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఒక నిమిషం కాదు, మెట్టు సగం రుద్దడం అయ్యేదాకా.

అప్పుడు టెన్నెంట్ గారు ఉత్తరం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తడి మెట్టు తొక్కకుండా దాటడానికి కాలెత్తాడు. లోకం తలకిందులైన రోజున కూడా నా మెట్టు తొక్కకూడదనుకున్నాడు ఆ మనిషి. ఆ ఎత్తిన కాలు చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"తొక్కండి అయ్యగారూ! తొక్కండి, తిరగేసిన మెట్టే ఇది!" అన్నాను.

వీధిలో బ్రష్షులన్నీ ఆగాయి.

"ఏమిటండీ?"

"మీరు లండన్ వెళ్ళినప్పుడు తిరగేయించాను. కింద సున్నం దట్టించారు. మీ గుర్తు అడుగున ఉంది. మీ అంకెలు తప్పు కాదు. పైకి లేచింది మెట్టే!"

ఆయన అలాగే ఒంటికాలి మీద నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా ఆ తడిలో మంచి ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కెజయా తనే వాళ్ళింట్లోంచి గునపం తెచ్చింది. చూసే తొందర దానిది. ఓబదయా, ఇంకో ఇద్దరు కలిసి మెట్టు పెకలించి గోడకి ఆనించారు. గుంట, సున్నం మరకలు, మూలన గుర్తు, వీధి వీధంతా చూసింది. టెన్నెంట్ గారు ఆ గుర్తు మీద బొటనవేలు పెట్టాడు. జేబులోంచి కొలబద్ద తీసి కింద దట్టించిన సున్నం మందం కొలిచాడు.

"మూడంగుళాలు" అన్నాడు. "నేను తప్పలేదు." గుమ్మానికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. "నన్ను క్షమించండి అయ్యగారూ" అన్నాను.

"కాదండీ, తప్పు నాదే. అడక్కుండా చెక్కాను. ఇంటి మెట్టు కదలదని తెగేసి చెప్పాను. అడిగి ఉంటే, దీన్ని ఎప్పుడో ఒకప్పుడు తిరగేస్తామని మీరు చెప్పి ఉండేవారు కదా?"

"చెప్పేదాన్ని కాదు" అన్నాను. "పరువు పోదూ?"

ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. ఉత్తరం చింపి నా బకెట్టులో వేశాడు. "ముప్ఫై తొమ్మిదిలో మా నాన్నగారింటికి మురుగుకాలువ వేశానండీ. నీళ్ళు ఎదురెక్కి వంటింట్లోకి వచ్చాయి. మీకొక్కరికే చెబుతున్నాను" అన్నాడు. వీధి వీధంతా వింటోందన్నది ఆయనకి పట్టలేదు. నా ఒక్కదాని పరువే పోకూడదని చెప్పాడని నాకు తర్వాత అర్థమైంది.

పది రోజుల్లో ఉత్తరం వైపు ఎత్తి ముక్క కూర్చోబెట్టారు. మా మెట్టు పుణ్యమా అని ఆ వంతెన ఈరోజుకీ అనుకున్న దానికంటే మూడంగుళాలు ఎత్తులోనే ఉంది. డైరెక్టర్లకి రాసిన నివేదికలో "గుర్తు గల శిల గృహావసరముల నిమిత్తము స్థానచలనము చెందినది" అని రాశాడు. మొదటి రైల్లో నన్నూ కెజయానీ ఎక్కించాడు. కెజయా వంతెన దాటేదాకా కళ్ళు మూసుకుని, అల్లుతున్న మేజోడు మాత్రం వదల్లేదు.

మెట్టు మళ్ళీ పెట్టించే ముందు "ఏ వైపు కావాలండీ?" అని అడిగాడు. చదును వైపే అన్నాను. అంత జరిగినా నా బుద్ధి అలాంటిది. ఆయన గుర్తుని చాపెల్ పునాదిరాయి మీద కొత్తగా చెక్కించుకున్నాడు, పాస్టరుగారిని రెండుసార్లు అడిగి మరీ.

మరుసటి ఏడు ఆయన వెళ్ళిపోయాడు. ఆ వంతెన చూసి ఎక్కడెక్కడి వాళ్ళో ఆయన్ని పిలిచారు. ప్రతి క్రిస్మస్‌కీ ఉత్తరం వచ్చేది. చివర ఒకటే ప్రశ్న: "మెట్టు ఎలా ఉంది?" నేనూ ఒకటే జవాబు రాసేదాన్ని: "అక్కడే ఉంది."

పోయిన క్రిస్మస్‌కీ ఉత్తరం వచ్చింది. చేతులు నొప్పులని జవాబు రాయడం వాయిదా వేశాను. ఫిబ్రవరిలో ఆయన పోయారని కబురొచ్చింది. తర్వాత ఈ పుస్తకం వచ్చింది, సామాన్య గృహంతో సహా.

పుస్తకం మూసిన వారంలో తాపీమేస్త్రిని పిలిపించాను. మెట్టు మళ్ళీ తిరగేయమన్నాను, పాత వైపు పైకి. కింద సున్నం మూడంగుళాలు తీసేయమన్నాను. మేస్త్రి నాకు మతి పోయిందనుకున్నాడు. ఓబదయాకి ఇప్పుడు ఎనభై దాటాయి. కూతురు భుజం పట్టుకుని వచ్చాడు. పాత కర్ర తెచ్చాడు. ఆ మూల మీద నిలబెట్టి, గొట్టంలోంచి చూసేవాళ్ళెవరూ లేకపోయినా, కదలకుండా కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెట్టు ఎక్కి చూసి, "మోకాలికి హాయిగా ఉందమ్మా" అన్నాడు.

కెజయా గుమ్మంలోంచి చూస్తోంది. "హెప్సిబా, మళ్ళీ బాతులొస్తాయే" అంది.

"రానీ" అన్నాను.

శుక్రవారాలు ఇప్పటికీ నేనే రుద్దుతున్నాను. మూల మీద నాలుగు వేళ్ళంత మేర మాత్రం తెల్లరాయి తగలనివ్వను, గుర్తు కనబడాలని. వానొస్తే గుంటలో నీళ్ళు నిలుస్తున్నాయి, వీధి చూస్తోంది. మీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది టెన్నెంట్ గారూ. మెట్టు మీరు కొలిచిన చోటే ఉంది.